కొమ్ము ఆటకు గురువెవరు?

భద్రాచలం అడవుల్లో కోయ ఆటకు బడి లేదు, పుస్తకం లేదు, పరీక్ష అంతకన్నా లేదు. అయినా తరాలుగా తాతల అడుగు మనవల కాళ్లకు అందుతూనే ఉంది. ఇప్పుడు వేదికలు పెరిగాయి. నేర్పేవాళ్లు కావాలంటున్నారు. వాళ్లెక్కణ్నుంచి రావాలి? వాళ్లకెవరు నేర్పాలి?

వేసవిలో భద్రాచలం నుంచి చింతూరు వైపు ప్రయాణం చేసినవాళ్లకి ఈ అనుభవం కొత్త కాదు. బస్సో జీపో మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా ఓ వెదురుకర్రో తాడో కనిపిస్తుంది. దాని వెనకాల పది పదిహేనుమంది ఆడవాళ్లు. ఒకరి నడుం చుట్టూ ఒకరు చేతులు వేసుకుని వరసగా ఊగుతూ అడుగులేస్తుంటారు. పాట ఆగదు, బండి కదలదు. డ్రైవరో ప్రయాణికులో పదీ ఇరవయ్యీ చేతిలో పెట్టాకే కర్ర పైకి లేస్తుంది. విత్తనాల పండగ రోజులవి. కోయలు విజ్జి పండుం అంటారు, భూమి పండగ అనీ అంటారు. మగవాళ్లు వేటకని అడవిలోకి వెళ్తే, ఆడవాళ్లు ఇలా దారికాస్తారు.

ఈసారి అటు వెళ్తే ఆ వరసలో చిట్టచివర చూడండి. ఆరేడేళ్ల పిల్ల ఒకతి ఉంటుంది. పక్కనున్న అక్క కొంగు పట్టుకుని, అందరికన్నా అరక్షణం ఆలస్యంగా అడుగేస్తుంటుంది. తప్పడుగు పడితే ఎవరూ ఆపరు, తిట్టరు, మళ్లీ వెయ్యమనరు. వరసే ఆ పిల్లను లాక్కెళ్లిపోతుంది. సాయంత్రానికి ఆ అరక్షణం తేడా కాస్తా తగ్గిపోతుంది. అదే బడి. కొంగు ఇచ్చిన ఆ అక్కే పంతులమ్మ.

కూచిపూడి నేర్చుకోవాలంటే కృష్ణా జిల్లా కూచిపూడిలో సిద్ధేంద్రయోగి కళాపీఠం ఉంది. పేరిణి నేర్చుకోవాలంటే ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలున్నాయి. మీ గురువుగారెవరమ్మా అని అడిగితే గజ్జె కట్టిన పదేళ్ల పిల్ల కూడా చేతులు జోడించి మరీ పేరు చెబుతుంది. అదే ప్రశ్న కోయగూడెంలో వేస్తే అసలు అర్థమే కాదు. మాట్లాడ్డం నీకెవరు నేర్పారని అడిగినట్టుంటుంది వాళ్లకి.

కానీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన రోజులొచ్చాయి. ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం, నవంబరు 15న జనజాతీయ గౌరవ దినం, మధ్యలో పంద్రాగస్టు, మంత్రిగారి పర్యటన, గురుకుల పాఠశాల వార్షికోత్సవం... ఎక్కడ చూసినా కొమ్ములు కట్టుకున్న బృందం ఉండాల్సిందే. బృందం అన్నాక దానికో నాయకుడు ఉండాలి. పిల్లలకి నేర్పే మాస్టారు ఉండాలి. దరఖాస్తు ఫారంలో 'గురువు పేరు' అని ఓ గడి ఉంటుంది. ఆ గడిలో ఎవరి పేరు రాయాలి?

మెడ మీద అడవి

పెర్మకోక్ ఆట. అడవిదున్న కొమ్ముల ఆట అని. మైదానంలో వాళ్లం కొమ్ము నృత్యం అంటాం. పేరు వినగానే తలపాగాకి కొమ్ములు కట్టుకుని గెంతడమేగా అనిపిస్తుంది. ఒక్కసారి కట్టుకుని చూస్తే తెలుస్తుంది అసలు సంగతి.

తలమీద బరువైన కొమ్ముల కిరీటం. దానికి ఈకలు, వెనక్కి వేలాడే గుడ్డపేలికలు. మెడలో పెద్ద డోలు. డోలు రెండు పక్కలా రెండు చేతులూ పనిచెయ్యాలి. కాళ్లు తాళానికి అడుగెయ్యాలి. వీటన్నిటి మధ్యా మెడ మాత్రం తన పని తాను చూసుకోవాలి. ఎందుకంటే ఈ ఆటలో నటించేది మొహం కాదు, మెడే! దున్న తల వంచి నేలను వాసన చూస్తుంది. చెవి పక్కన ఏదో అలికిడైనట్టు తల పక్కకు విసురుతుంది. ఎదురుగా ఇంకో దున్న కనిపిస్తే రెండూ తలలు దించి కొమ్ములు తాకించుకుంటాయి. ఇంత జరుగుతున్నా డోలు దెబ్బ తప్పకూడదు. కొమ్ములు తాకాలి గాని చిక్కుకోకూడదు. రెండు డోళ్లు ఢీకొనకూడదు. పైగా చుట్టూ ఆడవాళ్ల వలయం తిరుగుతుంటుంది. దానికి అడ్డం పడకూడదు.

ఇది ఒకరు చెబితే వచ్చేది కాదు. చిన్నప్పుడు ఖాళీ డబ్బా మెడకి తగిలించుకుని పెద్దవాళ్ల వెనకాల గెంతడంతో మొదలవుతుంది. మీసాలొచ్చే వయసుకి ఎవరో అలసిపోయి పక్కన కూర్చున్నప్పుడు డోలు చేతికొస్తుంది. కొమ్ముల వంతు ఆ తర్వాతే.

ఆడవాళ్ల చదువు వేరు. వాళ్లది రేలా పాట. రేల చెట్టు తెలుసు కదా, ఎండాకాలం వస్తే పసుప్పచ్చ గుత్తులు జల్లెడలా వేలాడేసుకునే చెట్టు. ఆ పేరే పల్లవిగా తిరుగుతుంటుంది. ఒకామె మాట అందిస్తుంది, మిగిలినవాళ్లు అందుకుంటారు. ఆ ఒకామె పాట మధ్యలోనే కొత్త మాటలు కట్టగలదు. వచ్చిన చుట్టాన్ని వెక్కిరిస్తుంది, పెళ్లికొడుకు నాన్నకి చురక అంటిస్తుంది, కరవునీ కంట్రాక్టర్నీ కూడా వదలదు. అడుగులు ఎవరైనా నేర్చుకోగలరు. ఆ మాట అందించే నేర్పు మాత్రం ఊరికి ఇద్దరికో ముగ్గురికో ఉంటుంది. ఆటకి అసలు సిసలు గురువులంటే వాళ్లే. వింతేమిటంటే వేదిక మీద బృందం పేరు చదివేటప్పుడు మైకులో వినిపించేది ఎప్పుడూ డోలు పట్టిన మగవాళ్ల పేర్లే.

కథ తెలిసినవాళ్లు

కోయల ఆటకి అడుగు ఒక భాగమే. అడుగు వెనక డోలు, డోలు వెనక కథ. ఆ కథని మోసేవాళ్లు డోలీ కోయలు.

కోయల్లో గోత్రాల్ని గట్లు అంటారు. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు... అలా లెక్క. ఒక్కో గట్టుకి ఇలవేల్పు వేరు, పుట్టుపూర్వోత్తరాలు వేరు. ఆ చరిత్రని బొమ్మలుగా కుట్టుకున్న ముక్కోణపు గుడ్డని పడిగె అంటారు. పండగ వచ్చినా, చావు వచ్చినా డోలీ కోయని పిలుస్తారు. ఆయన డోలు వాయిస్తూ పడిగెలో ఉన్న వీరుల కథ చెప్తాడు. ఎవరికి ఎవరు పుట్టారు, ఏ ఏరు దాటి ఎక్కడికొచ్చారు, ఏ గట్టుకీ ఏ గట్టుకీ పెళ్లిచుట్టరికం కుదురుతుంది... అన్నీ అందులోనే. ఊరికి ఆయనే గ్రంథాలయం, ఆయనే రిజిస్ట్రారు ఆఫీసు.

ఆ కోవలో దేశానికంతటికీ తెలిసిన పేరు సకిని రామచంద్రయ్య. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరం ఆయనది. (శబరి గోదావరిలో కలిసే కూనవరం ఇది కాదు, అది ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఈ రెండింటికీ తికమకపడి ఒక ఊరికి బయల్దేరి ఇంకో ఊరు చేరినవాళ్లు లేకపోలేదు.) ఇంటిపెద్దల నుంచి వచ్చిన డోలునే ఆయన పట్టారు. సమ్మక్క సారలమ్మల కథనీ, పగిడిద్దరాజు కథనీ, గట్ల పుట్టుకనీ తెలుగులోనూ కోయలోనూ చెప్పగలిగేవారు. పెద్ద చదువులు లేవు. రాసుకున్న కాగితం లేదు. గంటల తరబడి సాగే కథ మొత్తం ఆయన నోట్లోనే ఉండేది. ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆచార్య గూడూరు మనోజ లాంటి పరిశోధకులు ఈ డోలీ కథల్ని వెతికి పట్టుకుని నమోదు చేశాకే బయటి లోకానికి వాటి లోతు తెలిసింది.

2022లో రామచంద్రయ్యకి పద్మశ్రీ వచ్చింది. అడవి అంచున పుట్టిన డోలు రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లింది. 2024 జూన్ 23న ఆయన అనారోగ్యంతో కన్నుమూశారు. బిరుదుకీ మరణానికీ మధ్య రెండేళ్ల చిల్లర. మామూలుగా ఓ పిల్లాడు డోలీ కథ నేర్చుకోవడానికి పట్టే కాలంతో పోలిస్తే ఇది ఏ మూలకి?

డోలీ ఇంట్లో చదువు ఎలా సాగుతుందో చూస్తే ఆ సంగతి బోధపడుతుంది. మొదటి కొన్నేళ్లూ పిల్లాడికి మోతపనే. డోలు మోసుకుంటూ నాన్న వెనకాల ఊరూరూ తిరగాలి. తోలు వదులైతే ఎలా బిగించాలో చూడాలి. పెళ్లికి ఒక దెబ్బ, చావుకి ఒక దెబ్బ, వేల్పుని లేపడానికి ఇంకో దెబ్బ. తేడా చెవికి పట్టాలి. రాత్రంతా నాన్న కథ చెబుతుంటే నిద్ర ఆపుకుని 'ఊఁ' కొట్టాలి. చావు ఇంట్లో తప్పు గట్టు కథ ఎత్తుకుంటే పరువు పోతుంది. కాబట్టి ముందు వంశాల వరస నోటికి రావాలి. ఇంత కష్టపడ్డాక వచ్చే ప్రతిఫలం నాలుగు కుంచాల ధాన్యమో, కాసిని రూపాయలో. అదే పిల్లాడు మణుగూరు బొగ్గు గనుల దగ్గర ఆటో తోలినా అంతకంటే ఎక్కువే వస్తుంది. వాణ్ని తప్పుపట్టేదెవరు?

ఇప్పటి మాస్టార్లు

సరే, ఇవాళ బృందాల్ని తీసుకెళ్తున్నవాళ్లు, పిల్లలకి నేర్పుతున్నవాళ్లు ఎలాంటివాళ్లు? వాళ్లలో ఎక్కువమంది పోడు చేసుకునేవాళ్లు, మిరప కోతలకీ తునికాకుకీ వెళ్లేవాళ్లు. ఊళ్లో పెళ్లిళ్లకి ఆడీ ఆడీ పేరు తెచ్చుకుని, పదిమందిని కూడగట్టగల చొరవ ఉన్నవాళ్లు. కొద్దిగా తెలుగు చదవడం వచ్చి, ఐటీడీఏ ఆఫీసులో ఎవరిని కలవాలో తెలిసినవాళ్లు. కొన్నిచోట్ల ఆశ్రమ పాఠశాలలో పనిచేసే కోయ ఉపాధ్యాయుడే ఆ బాధ్యత నెత్తినేసుకుంటాడు. నాట్యంలో డిగ్రీ ఎవరికీ లేదు. ఉండాల్సిన అవసరమూ లేదనుకోండి.

వాళ్లకి ఎదురయ్యే చిక్కులు మాత్రం గూడెంలో పెద్దలకి ఎప్పుడూ ఎదురుకానివి. ఊళ్లో ఆట గుండ్రంగా ఉంటుంది. అందులో ముందు లేదు, వెనక లేదు. వేదిక మీద జనం ఒకవైపే కూర్చుంటారు. వలయంగా ఆడితే సగంమంది వీపులే కనిపిస్తాయి. కాబట్టి వలయాన్ని విప్పి వరస చెయ్యాలి. ఊళ్లో ఆట ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలీదు, తెల్లారొచ్చు. వేదిక మీద అయిదు నిమిషాలు. అందులోనే దున్న రావాలి, మెయ్యాలి, పొట్లాడాలి, వెళ్లిపోవాలి! ఊళ్లో ఎవరి చీర వాళ్లది. వేదిక మీద అందరికీ ఒకే రంగు. ఇవన్నీ ఎవరూ నేర్పకుండా, ఏ తర్ఫీదూ లేకుండా ఆ పోడు రైతు తనంతట తాను కనిపెట్టుకున్నవే. నగరంలో ఇదే పని చేస్తే కొరియోగ్రఫీ అంటారు, పోస్టరు మీద పేరేస్తారు.

వీళ్ల అవసరం ఎందుకు పెరిగిందో కూడా చూడాలి. గిరిజన పిల్లల్లో చాలామంది అయిదారేళ్ల వయసు నుంచే ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉంటున్నారు. చదువు కోసం అది తప్పదు, దానివల్ల మేలే జరిగింది. కానీ పంట చేతికొచ్చాక జరిగే కొత్తల పండగలకి పిల్లలు హాస్టల్లో ఉంటారు. పెళ్లిళ్లూ విజ్జి పండుమూ వేసవి సెలవుల్లో పడటం వాళ్ల అదృష్టం. ఏడాదికి ఆ కొద్ది రోజులే వరసలో నిలబడే అవకాశం. వరసలో నిలబడి నేర్చుకోవాల్సిన ఆటని బడిలో నిలబెట్టి నేర్పాల్సి రావడానికి కారణం ఇదే.

ఇక బడిలో వార్షికోత్సవానికి వారం ముందు ఏం జరుగుతుందో తల్లిదండ్రులందరికీ తెలిసిందే. కోయ పిల్లల చేతనే సీడీ పెట్టి 'కోయ డ్యాన్సు' ఆడిస్తారు. మొహానికి రంగులు, నడుముకి ఆకులు! ఏ గూడెంలోనూ ఏ కోయా అలా ఆకులు కట్టుకుని ఆడడు. ఆ వేషం సినిమాల్లోంచి వచ్చింది. చూడ్డానికి వచ్చిన పిల్లాడి తాత ఏమనుకుంటాడో ఎవరూ అడగరు.

'నాటు నాటు' తీసిన ఊరి కథ

ఊరి ఆటకి మాస్టారు అవసరమైన పరిస్థితి ఒక్క భద్రాచలానిదే కాదు. 'ఆర్‌ఆర్‌ఆర్'లో 'నాటు నాటు' పాట గుర్తుందిగా? 2021 ఆగస్టులో దాన్ని ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, మరియిన్‌స్కీ భవనం ముందు తీశారు. 2023 మార్చిలో అది ఆస్కార్ కొట్టింది. మన నాటు స్టెప్పుకి వేదికైన ఆ దేశానికీ తన నాటు ఆటలున్నాయి. మోకాళ్లు వంచి కూర్చుని కాళ్లు విసిరే 'హోపాక్' వాటిలో ఒకటి. వందేళ్ల కిందట వాళ్లకీ ఇదే ప్రశ్న ఎదురైంది. పల్లెలో ఎవరూ నేర్పకుండా వచ్చే ఆటని పట్నంలో, పరాయి దేశంలో ఎవరు నేర్పాలి?

వాళ్లలో మొదటి అడుగు వేసినాయన వాసిల్ వెర్ఖోవినెత్స్. 1880లో పుట్టారు. గాయకుడు, రంగస్థల నటుడు, సంగీతం తెలిసినవాడు. నాటక సమాజంతో ఊళ్లు తిరుగుతూ, పల్లె జనం ఆడే ఆటల్ని పుస్తకంలో రాసుకునేవారు. ఏ కాలు ముందు పడుతుంది, ఏ తాళానికి తిరుగుతారు, జంటలు ఎలా మారతాయి... పల్లెలో పేరు కూడా లేని అడుగుకి పేరు పెట్టారు. 1919-20 నాటికి ఆ రాతలు పుస్తకంగా వచ్చాయి. స్టాలిన్ కాలంలో, 1938లో, ఆయన్ని కాల్చి చంపారు. పుస్తకం మాత్రం మిగిలింది.

ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రాడు వాసిల్ అవ్రమెంకో. యుద్ధంలో ఓడి పోలండ్‌లోని కాలిష్ నిర్బంధ శిబిరంలో చిక్కుకున్న ఉక్రెయిన్ సైనికుల్లో ఒకడు. 1921లో ఆ ముళ్లకంచెల మధ్యే నాట్యం బడి పెట్టాడు. పొట్టనిండా తిండి లేని సైనికులే మొదటి శిష్యులు. 1925లో కెనడా చేరాడు. అక్కడ ఉక్రెయిన్ నుంచి వలసవచ్చిన రైతుల ఊళ్లలో బళ్లు పెట్టించాడు. కొన్ని వారాలు నేర్పడం, బాగా పట్టుకున్న శిష్యుణ్ని అక్కడ మాస్టారుగా వదిలి తాను ఇంకో ఊరికి వెళ్లడం. అలా మాస్టార్ల గొలుసు అల్లాడు. 1981లో ఆయన చనిపోయేనాటికి ఆ గొలుసులో ఎవరు ఎవరి శిష్యులో లెక్క తేలనంతగా పెరిగింది. ఉక్రెయిన్‌లో మరో దారి. 1937లో పావ్లో విర్స్కీ, మికోలా బొలొతోవ్ అనే ఇద్దరు కలిసి ప్రభుత్వ జానపద నాట్య బృందాన్ని కట్టారు. బాలే నేర్చుకున్న కాళ్లతో పల్లె ఆట ఆడించారు.

నష్టం లేకపోలేదు. ఊరికో తీరుగా ఉన్న ఆటలు కాస్తా మాస్టారుకి వచ్చిన కొన్ని ఆటలుగా కుదించుకుపోయాయి. వలయం అక్కడా వరసైంది. కెనడాలో మూడో తరం పిల్లలకి మాస్టారు నేర్పిందే ఉక్రెయిన్ ఆట. అయితే వాళ్ల కథలో గమనించాల్సింది ఒకటుంది. ముందు పుస్తకం పట్టుకుని పల్లెలు తిరిగినవాడొచ్చాడు, మాస్టార్లు ఆ తర్వాత వచ్చారు. మన దగ్గర వరస తిరగబడింది. వేదిక ముందొచ్చేసింది, మాస్టారు దాని వెంట పరిగెత్తుకొచ్చాడు. అడుగుల్ని గూడెం గూడెం తిరిగి రాసుకునే పని వెనకబడింది. భాష విషయంలో మనవాళ్లు ఆ పని చేశారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, కొలామి, సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల వాచకాలు మొదలయ్యాయి. ఆ భాష వచ్చిన ఊరివాళ్లనే తీసుకుని బోధన మొదలుపెట్టారు. ఆటకి అలాంటి వాచకం బడిపిల్లల చేతికి రాలేదు.

మార్లవాయి మాస్టారు

మన రాష్ట్రంలోనే, ఉత్తరపు కొసన, ఒకాయన ఒంటిచేత్తో ఆ గొలుసు అల్లడానికి చూశారు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలం మార్లవాయికి చెందిన కనకరాజు. గోండుల గుస్సాడీ ఆటకి ఆయనే చిరునామా. 1980ల తొలినాళ్లలో ఢిల్లీ గణతంత్ర వేడుకల్లో ఇందిరాగాంధీ ముందు ఆడిన బృందం ఆయనది. ఆ తర్వాత దశాబ్దాల పాటు కుర్రాళ్లకి నేర్పుతూనే ఉన్నారు. 2021 పద్మశ్రీల్లో ఆయన పేరుంది.

గుస్సాడీ నేర్పడం కొమ్ము ఆటకన్నా చిక్కైన పని. దీపావళి దగ్గర దండారి రోజుల్లో గుస్సాడీ వేషం కట్టినవాడు దీక్షలో ఉంటాడు. తలమీద నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద. కోలబోడితో దీక్ష దిగేదాకా స్నానం కూడా చెయ్యడు. ఆ నియమం ఉన్నన్నాళ్లూ అతను మామూలు మనిషి కాదు, దేవుడి మనిషి. మరి ఏప్రిల్లోనో జూన్‌లోనో హైదరాబాద్ వేదిక మీద ఆడాలంటే? దీక్ష ఎక్కడిది? కాబట్టి నేర్పే మాస్టారు రెండు లోకాల మధ్య గీత గీసుకోవాలి. ఏది బయట చూపించొచ్చు, ఏది దండారికే దాచుకోవాలి... అది తెలిసినవాడే గురువు.

అన్నట్టు ఈ మార్లవాయి ఉపాధ్యాయులకి కొత్త ఊరేమీ కాదు. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, 1943లో గోండు యువకుల్ని పంతుళ్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం పెట్టించింది ఇక్కడే. గిరిజనుడికి గిరిజనుడే పాఠం చెప్పాలన్నది ఆయన పట్టు. గోదావరి ఒడ్డున పాపికొండల కొండరెడ్ల మీద 1945లో పుస్తకం వేసినదీ ఆయనే. ఆ పుస్తకం పేరులో పాపికొండల్ని ఆయన 'అడవిదున్నల కొండలు' అన్నారు!

కనకరాజు 2024 అక్టోబరు 25న చనిపోయారు. రామచంద్రయ్య పోయి అప్పటికి నాలుగు నెలలు.

నెలకి ఇంతని...

గురువులకి ప్రభుత్వం ఏమీ ఇవ్వడం లేదా అంటే, ఓ పథకం ఉంది. నాగపూర్‌లో 1986లో దక్షిణ మధ్య మండల సాంస్కృతిక కేంద్రం పెట్టారు. మన రెండు రాష్ట్రాలూ దాని పరిధిలోనివే. ఇలాంటి కేంద్రాల ద్వారా కేంద్ర సంస్కృతి శాఖ 'గురు శిష్య పరంపర' అమలుచేస్తూ వచ్చింది. అందులో గురువుకి నెలకి 7,500 రూపాయలు, పక్కన వాయించేవాళ్లకి 3,750, శిష్యుడికి 1,500 అని లెక్క కట్టారు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా నేర్పాలి. అడుగులకైతే ఏడాది చాలు. గట్ల కథలకి? పన్నెండేళ్లు నాన్న వెంట తిరిగినా ఇంకా మిగిలే చదువది. పైగా దరఖాస్తు, ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, ఫొటోలు... కథ నోటికి వచ్చిన పెద్దాయనకి కాగితాలు రావు. కాగితాలు వచ్చిన కుర్రాడికి కథ రాదు. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టేవాళ్లు దొరికిన ఊళ్లోనే ఆ డబ్బు అసలు చేతికి చేరుతుంది.

కొమ్ముల సంగతీ ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అడవిదున్న జోలికి వెళ్లడం నేరమైంది. మంచిదే, లేకపోతే దున్నలే మిగలవు. దాంతో పాత కొమ్ములు ఇళ్లలో ఆస్తిగా మారాయి. తాత కొమ్ములు మనవడికి, పగులొస్తే తీగ చుట్టి మళ్లీ వాడకం. అవి లేని బృందాలు పశువుల కొమ్ములతోనో చెక్కతోనో సరిపెట్టుకుంటాయి. బరువు మారితే మెడ విసురు మారుతుంది. కొత్తగా నేర్చుకునే కుర్రాడికి అది తెలీదు, నేర్పే పెద్దాయనకి తెలుస్తుంది.

ఇంకోటి నేల. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుకునూరు, వేలేరుపాడు అటు. చర్ల, దుమ్ముగూడెం, పినపాక, మణుగూరు ఇటు. ఒకే గట్టు వాళ్లు రెండు రాష్ట్రాలైపోయారు. ప్రాజెక్టు కోసం ఊళ్లు వదిలి కాలనీలకి వెళ్లినవాళ్లకి ఇల్లు వచ్చింది, సిమెంటు రోడ్డు వచ్చింది. ఇప్పచెట్టు కింద ఆడుకునే జాగా మాత్రం ఎవరి పరిహారం జాబితాలోనూ లేదు. మరోవైపు 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం గొడవలకి తాళలేక సరిహద్దు దాటి వచ్చిన గుత్తికోయలు ఈ అడవుల్లోనే గుడిసెలు వేసుకున్నారు. బియ్యం కార్డు కోసం, బడి కోసం తిప్పలు పడుతున్న ఆ గుడిసెల దగ్గర డోలు మాత్రం మోగుతూనే ఉంటుంది. వాళ్ల బంధువులైన బస్తర్ మురియాల్లో ఒకప్పుడు ఆటపాటలకి నిజంగానే ఓ బడి ఉండేది. పేరు ఘోటుల్. సాయంత్రమైతే ఊరి పిల్లలూ పెళ్లికాని యువతీయువకులూ అక్కడ చేరేవాళ్లు. పెద్ద పిల్లలే చిన్నవాళ్లకి ఆటా పాటా నేర్పేవాళ్లు. వెరియర్ ఎల్విన్ 1947లో దానిమీద ఏకంగా ఓ లావుపాటి గ్రంథమే రాశారు.

ఇప్పుడు భద్రాచలం చుట్టుపక్కల ఏ గురుకులంలోనైనా ఆగస్టు మొదటి వారంలో చూస్తే ఓ పెద్దాయన డోలుతో కనిపించే అవకాశం ఉంది. పక్క గూడెం నుంచి పిలిపించి ఉంటారు. బస్సు చార్జీలూ భోజనమూ, మహా అయితే ఓ శాలువా. పిల్లలు సాయంత్రాలు రెండు మూడు రోజులు సాధన చేస్తారు. తొమ్మిదో తేదీన అయిదు నిమిషాల్లో ఆట ముగించి, ఫొటో దిగి, వేదిక దిగిపోతారు. మైకులో తర్వాతి పేరు పిలుస్తుంటారు. పెద్దాయనకి సాయంత్రం దాకా బస్సు లేదు. షామియానా వెనకాల వేపచెట్టు కింద కూర్చుని ఊరికే డోలు మీద వేళ్లు ఆడిస్తుంటాడు. కాసేపటికి నలుగురైదుగురు పిల్లలు అక్కడికి చేరతారు, యూనిఫాం మార్చుకోకుండానే. ఒకరి నడుం మీద ఒకరు చేతులేసుకుంటారు. అక్కడ జనం లేరు, ముందూ వెనకా లేదు. అందుకని గుండ్రంగానే తిరుగుతారు.